చూసేవాళ్ళకి ఓడీ లేదు

ఈ గోడపత్రిక ముందు నిలబడి చదువుతున్నవాళ్ళు ఒక్కసారి తల ఎడమపక్కకి తిప్పండి. వరండా కిటికీలోంచి బాస్కెట్‌బాల్ కోర్టు కనిపిస్తుంది. మనలో సగంమందికి అది క్యాంటీన్‌కి పోయే అడ్డదారి. మిగతా సగంమందికి కాలేజ్ డే నాడు కుర్చీలు వేసే చోటు. నేను ఆ కోర్టుని పదమూడేళ్ళుగా చూస్తున్నాను. ఈ కాలేజీలో చేరి మూడేళ్ళే అయింది కానీ, చూడడం మొదలుపెట్టింది మాత్రం రెండో క్లాసులో.

నాకు పార్ట్ వన్ తెలుగు క్లాసులు ఎప్పుడో అయిపోయాయి. అయినా గోడపత్రిక పని వదల్లేదు. ఈ నెల మేడమ్ నన్ను పిలిచి, "కవితలు చాలా వచ్చాయమ్మా, నువ్వు ఏదైనా అభిప్రాయం రాయి" అన్నారు. నాకు గట్టిగా ఉన్న అభిప్రాయం ఒకటే ఉంది. మన బాస్కెట్‌బాల్ టీమ్‌కి మనమే అన్యాయం చేస్తున్నాం. అది ఎట్లాగో చెప్పాలంటే మా పిన్ని సంగతి చెప్పాలి.

మాది పెరంబూరు. రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. అమ్మ ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఆరు దాటేది. నా స్కూలు ఈ కాలేజీకి దగ్గర. అందుకని మూడున్నరకి స్కూలు వదలగానే పిన్ని వచ్చి నన్ను తీసుకుని కాలేజీకి వచ్చేది. నాలుగింటికి ప్రాక్టీసు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, ఒక బిస్కట్ ప్యాకెట్ చేతిలో పెట్టి, "పాపా, కదలొద్దు" అని పోయేది. ప్రాక్టీసు అయినాక ఇద్దరం 29సీ బస్సెక్కి ఇంటికి పోయేవాళ్ళం.

ఊరికే కూర్చోబెట్టలేదు, నాకొక ఉద్యోగం కూడా ఇచ్చారు. బాస్కెట్‌బాల్‌లో నగలు పెట్టుకుని ఆడనివ్వరు. కమ్మలు, గాజులు, గొలుసులు, వాచీ, పట్టీలు, తలకి పెట్టే గట్టి క్లిప్పులు అన్నీ తీసెయ్యాలి. రెఫరీ చూస్తే బయటికి పంపేస్తారు. ముక్కుపుడక ఊడి రాకపోతే దానిమీద ప్లాస్టర్ అంటించుకుంటారు. పన్నెండుమంది ఆడపిల్లల నగలు ఎక్కడ పెట్టాలి? నా కాంపాస్ బాక్సులో. ఎడమవైపు గడిలో పిన్నివి, ప్రొట్రాక్టర్ కింద కెప్టెన్ అక్కవి, ఇట్లా ప్రతి ఒక్కరికీ ఒక చోటు. ఎవరి కమ్మలు ఏవో ఇప్పటికీ చెప్పగలను. ఒక్కసారి కూడా తప్పు ఇవ్వలేదు. ఒక తిరుగుడు మాత్రం 2012లో మెట్ల సందులో పడిపోయింది, అది నా తప్పు కాదు.

ఆ మెట్ల మీద కూర్చునే నేను ఆట నేర్చుకున్నాను, ఆడడం కాదు, చూడడం. చూడడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మొదట్లో బంతి వెంటే కళ్ళు పోతాయి. కొన్నాళ్ళకి బంతి లేని మనిషి ఏం చేస్తా ఉందో చూడడం వస్తుంది. ఒకమ్మాయి తన భుజం అడ్డంపెట్టి కదలకుండా నిలబడుతుంది, ఆ నీడలోంచి ఇంకో అమ్మాయి తప్పించుకుని పోయి బంతి అందుకుంటుంది. స్కోరు పుస్తకంలో పేరు రెండో అమ్మాయిదే పడుతుంది. అది తెలిసినాక మొదటి అమ్మాయికి చప్పట్లు కొట్టేవాళ్ళు నాలాంటివాళ్ళే. మా పిన్ని ఎక్కువగా ఆ మొదటి అమ్మాయే.

కిటికీలోంచి బాగా చూస్తే కోర్టు మీద రెండు వంపు గీతలు కనిపిస్తాయి. బయటిది తెల్లగా ఉంది, లోపలిది వెలిసిపోయింది. లోపలిది పాత త్రీ పాయింట్ గీత. ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం 2010లో ఆ గీతని 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకి వెనక్కి జరిపింది. రింగు కింద ఉండే ట్రాపిజాయిడ్ ఆకారాన్ని కూడా తీసేసి దీర్ఘచతురస్రం చేసింది. మన కోర్టులో దాని ఏటవాలు గీతలు ఇంకా లీలగా ఉన్నాయి. పిన్ని స్కూల్లో పాత గీత దగ్గర నుంచి వెయ్యడం అలవాటు చేసుకుంది. కాలేజీకి వచ్చేసరికి అదే చోటు నుంచి వేస్తే మూడుకి బదులు రెండే. అర మీటరు వెనక్కి పోవడానికి ఆమెకి ఒక సంవత్సరం పట్టింది. రోజూ ప్రాక్టీసు అయినాక యాభై వేసేది. బంతి తెచ్చిచ్చే పని కూడా నాదే.

ఇంతా ఇంట్లో తెలియదు. అవ్వకి తెలిసిందల్లా పిన్ని సాయంత్రాలు లైబ్రరీలో చదువుకుంటుందని. నిక్కరు వేసుకుని ఆడుతుందంటే ఒప్పుకోదని పిన్నికి భయం. "యాడికి పోయినారే ఇంతసేపు?" అని అవ్వ అడిగితే, "లైబ్రరీకి అవ్వా" అని నేనే చెప్పేదాన్ని. ఏడేళ్ళ పిల్ల అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు?

పిన్ని మూడో సంవత్సరంలో ఇంటర్‌కాలేజియేట్ సెమీఫైనల్ ఒకటి వచ్చింది. రెండింటికి మొదలవ్వాలి. ఆరోజే సాయంత్రం అయిదున్నరకి ఇంటికి పెళ్ళివాళ్ళు వస్తున్నారు. రెండింటికి మొదలైతే ఏ ఇబ్బందీ లేదు. కానీ వాన పడింది. కోర్టు మీద నీళ్ళు తుడిచి, ఇసక చల్లి మొదలుపెట్టేసరికి మూడుమ్ముప్పావు. మూడో క్వార్టర్ అయ్యేసరికి మనవాళ్ళు ఒక పాయింటు ముందున్నారు. పిన్ని కోచ్ దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఆవిడ ఏమీ అనలేదు, తల ఊపారు. పిన్ని మెట్ల దగ్గరికి వచ్చి, చెయ్యి చాపింది. నేను బాక్సు తెరిచి ఆమె కమ్మలు ఇచ్చాను. బస్సులో పెట్టుకుంది. ఇంటికి పోయి మొహం కడుక్కుని చీర కట్టుకుంది. నాలుగో క్వార్టర్ మేమిద్దరం చూడలేదు. రెండు పాయింట్లతో ఓడిపోయారని మరుసటి రోజు తెలిసింది.

ఇది చదివి మా అవ్వని తిట్టుకోకండి. అవ్వ చెడ్డది కాదు. ఆ సంబంధం కూడా చెడ్డది కాదు, బాబాయి మంచివాడే. పిన్ని వేలూరులో బాగానే ఉంది. ఆరోజు మ్యాచ్ ఉందని అవ్వకి తెలిస్తే పెళ్ళివాళ్ళని ఆదివారం రమ్మని ఉండేదేమో, ఎవరికి తెలుసు? చెప్పినవాళ్ళు లేరు. చెప్పనివాళ్ళలో నేనూ ఉన్నాను. మూడేళ్ళు ఒక మనిషి కాలేజీ టీమ్‌లో ఆడితే ఇంట్లోవాళ్ళు ఒక్క మ్యాచ్ చూడలేదు. క్లాసువాళ్ళయినా చూశారా అంటే అదీ లేదు. అప్పుడూ మెట్లన్నీ ఖాళీగానే ఉండేవి. నేనూ, వాచ్‌మన్ తాత, రెండు మూడు కాకులు.

పిన్ని పోయినాక కూడా నేను మానలేదు. స్కూలు వదలగానే గేటు దగ్గర నిలబడితే, "బాక్సు పాప వచ్చిందా" అని తాత లోపలికి పంపేవాడు. టీమ్ మారిపోయేది. ఒక బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్. 2020లో మా టెన్త్ పబ్లిక్ పరీక్ష కరోనాతో రద్దయింది. ఆ తర్వాత కోర్టు మూసేశారు. గేటు సందులోంచి చూస్తే సిమెంటు పగుళ్ళలో గడ్డి మొలిచి ఉండేది. ప్లస్ టూ అయినాక నేను ఈ కాలేజీ ఫారమ్ నింపితే, "ఇక్కడే ఎందుకు?" అని అమ్మ అడిగింది. కామర్స్ బాగుంటుందని చెప్పాను. మళ్ళీ అబద్ధమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనకి ఓడీ అంటే ఏమిటో అందరికీ తెలుసు. క్లాసు టైములో మ్యాచ్ ఉంటే ఆడేవాళ్ళకి హాజరు వేస్తారు. అది న్యాయం. చూసేవాళ్ళకి ఓడీ లేదు. అదీ న్యాయమే అనుకోండి, లేకపోతే కాలేజీ అంతా మ్యాచ్ పేరు చెప్పి సినిమాకి పోతుంది. నేను మ్యాచ్‌లకి పోయి పోయి పోయిన సెమిస్టర్ 75 శాతం కంటే కిందికి జారి కండోనేషన్ ఫీజు కట్టాను. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా క్లాసు లేనప్పుడు కూడా ఎవరూ రారని. కల్చరల్స్‌కి గొంతులు పోయేలా అరుస్తాం. మన డాన్స్ టీమ్ బయటి కాలేజీకి పోతే బస్సు చాలదు. మన కోర్టులోనే, సాయంత్రం నాలుగింటికి, మన పిల్లలు ఆడుతూ ఉంటే పక్కనించి సమోసా తింటూ నడిచిపోతాం. కొందరు కోర్టు మధ్యలోంచే నడిచిపోతారు, ఆట జరుగుతూ ఉండగా!

"ఆడవాళ్ళ ఆట చూడ్డానికి నిదానంగా ఉంటుంది" అని నా క్లాస్‌మేటే అంది. ఆమె ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఈ ఆట ఆడవాళ్ళకి తర్వాత ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టి 13 నియమాలతో దీన్ని మొదలుపెట్టాడు. ఆ మరుసటి సంవత్సరమే దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే ఉపాధ్యాయిని తన విద్యార్థినులకి నేర్పింది. అది కూడా మనలాగా మహిళా కాలేజీయే. 1893 మార్చిలో అక్కడ మొదటి, రెండో సంవత్సరం పిల్లల మధ్య మ్యాచ్ జరిగింది. మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. అయితే ఆడపిల్లలు అలిసిపోతారని బెరెన్‌సన్ కోర్టుని మూడు భాగాలు చేసింది. ఎవరి భాగం దాటి వాళ్ళు పోకూడదు, ఎదుటివాళ్ళ చేతిలో బంతి లాక్కోకూడదు. మంచి ఉద్దేశంతోనే గీసిన గీతలు. మా అవ్వ గీసినవీ అట్లాంటివే. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ బాస్కెట్‌బాల్ 1936లో వస్తే ఆడవాళ్ళది 1976లో వచ్చింది. ఆ మధ్య నలభై ఏళ్ళు ఆడవాళ్ళు ఆడలేదని కాదు, చూడాల్సినంత ఆట అని ఎవరూ అనుకోలేదు.

మన ఊరికి ఈ ఆట కొత్తదేమీ కాదు. హ్యారీ బక్ 1920లోనే మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు, ఇప్పుడు నందనంలో ఉన్నది అదే. అనితా పాల్‌దురై చెన్నై అమ్మాయి. భారత మహిళల జట్టుకి కెప్టెన్‌గా చేసింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. 2017లో బెంగళూరులో మన దేశం ఆసియా కప్ డివిజన్ బి గెలిచిన జట్టులో ఆమె కూడా ఉంది. మా క్లాసులో అరవైమందిని ఆమె పేరు అడిగాను. నలుగురికి తెలుసు. అందులో ఇద్దరు మన టీమ్‌లో ఆడేవాళ్ళే. క్రికెట్ ఆటగాళ్ళ భార్యల పేర్లు మాత్రం అందరికీ తెలుసు.

పోయిన నెల జరిగిన మ్యాచ్ గురించి చెప్పి ముగిస్తాను. టీమ్‌లో పన్నెండుమంది ఉండొచ్చు. మనకి ఏడుగురే ఉన్నారు. మూడో సంవత్సరంవాళ్ళు ఇంటర్న్‌షిప్ అని, ప్లేస్‌మెంట్ అని, ఇంట్లో వద్దన్నారని ఒక్కొక్కరే మానేశారు. మొదటి సంవత్సరంవాళ్ళు "మాకు హైట్ లేదక్కా" అంటారు. రింగు ఎత్తు 3.05 మీటర్లు, అది అందరికీ ఒకటే, నిజమే. కానీ మన పాయింట్ గార్డ్ అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఆమె చేతిలో బంతి లాక్కోవాలంటే వంగాలి, వంగేలోపల ఆమె దాటిపోతుంది. ఎత్తు కాదు కారణం. ఖాళీ మెట్లు చూసి ఎవరికి చేరాలనిపిస్తుంది?

ఆ మ్యాచ్ వేరే కాలేజీలో. వాళ్ళ పిల్లలు వందమందికి పైగా వచ్చారు, డ్రమ్ కూడా తెచ్చుకున్నారు. మన తరఫున నేను, వేలూరు నుంచి వచ్చిన మా పిన్ని. ఏదో పెళ్ళికి వచ్చింది, నేను చెబితే మండపం నుంచి అట్లాగే పట్టుచీరతో వచ్చేసింది. రెండో క్వార్టర్‌లో మనవాళ్ళలో ఒకరికి మడమ మెలిపడింది. ఆరుగురు మిగిలారు. విశ్రాంతికి ఒక్కరే ఉంటే అలుపు వస్తుంది, అలుపు వస్తే కాళ్ళతో చెయ్యాల్సిన పని చేతులతో చేస్తారు, ఫౌల్ పడుతుంది. నాలుగో క్వార్టర్‌లో ఒకరికి అయిదు ఫౌల్స్ అయిపోయి బయటికి వచ్చింది. ఇంకాసేపటికి ఇంకొకరు. మూడు నిమిషాలు ఉండగా కోర్టులో మనవాళ్ళు నలుగురే.

మొదలుపెట్టడానికి అయిదుగురు కావాలి కానీ, మొదలైనాక ఇద్దరు మిగిలేదాకా ఆడొచ్చు. రెఫరీ మన కెప్టెన్ వైపు చూశారు. ఆమె చెయ్యి ఊపి, కానివ్వండి అంది. నలుగురూ పెట్టె ఆకారంలో నిలబడ్డారు. అప్పటికి నాలుగు పాయింట్లు వెనక ఉన్నాం. ఇద్దరు తెలుగు పిల్లలు "ఇటియ్యి", "వెనకుంది చూడు" అని అరుచుకుంటూ ఆడుతున్నారు, ఎదుటివాళ్ళకి అర్థం కాదని వాళ్ళ ధైర్యం. తీరా చూస్తే అవతలి గార్డ్ కూడా తెలుగమ్మాయే, మా పెరంబూరే! నవ్వుతూ ఆ పాస్ మధ్యలో అందుకుంది. చెన్నైలో తెలుగు రహస్య భాష అనుకోకూడదు.

54-48తో ఓడిపోయాం. ఆ మూడు నిమిషాల్లో నలుగురితో ఆడి తేడా పెరిగింది రెండే. వాళ్ళ డ్రమ్ కొట్టే అమ్మాయి ఆఖర్న మనవాళ్ళ కోసం కొట్టింది. నాకు అప్పుడు సంతోషం వేసింది, ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది. మన పిల్లలకి డ్రమ్ కొట్టింది వేరే కాలేజీ అమ్మాయి.

పిన్ని మ్యాచ్ అంతా ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు స్టాపులో ఏమంటుందోనని చూశాను. "రీబౌండ్‌కి ఒక్కతీ సరిగ్గా అడ్డం నిలబడలేదే" అంది. తర్వాత కొంచెంసేపు ఆగి, "అవ్వని ఒకసారి తీసుకొచ్చి చూపియ్యి" అంది.

అవ్వకి ఇప్పుడు డెబ్భై రెండు. ఆ రాత్రే పదమూడేళ్ళ లైబ్రరీ సంగతి చెప్పేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖర్న, "గెలిచేదా అది?" అని అడిగింది. కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది అన్నాను. "నాకు చెప్పుంటే నేనూ వస్తా ఉంటిని గదే" అంది.

తీసుకురావాలంటే గేటు దగ్గర పాస్ కావాలి. కాలేజ్ డేకి ఇంట్లోవాళ్ళకి పాస్ ఇస్తారు, గ్రాడ్యుయేషన్‌కి ఇస్తారు, మ్యాచ్‌కి ఇవ్వరు. ఎందుకివ్వరని అడిగితే ఇంతవరకు ఎవరూ అడగలేదన్నారు. మన హెచ్.ఓ.డి. మేడమ్‌ని అడిగాను. "ప్రిన్సిపల్‌కి లెటర్ రాసి తీసుకురా, ముందు నేను సంతకం పెడతాను" అన్నారు, పెట్టారు కూడా. వచ్చే గురువారం మూడింటికి మన కోర్టులోనే మొదటి రౌండ్. ఆడేవాళ్ళ ఇంటినుంచి ఇద్దరిద్దరికి, చూడాలనుకునే ఇంకెవరి ఇంటినుంచైనా ఒక్కరికి పాస్ అడుగుతూ రాశాను. నిజం చెప్పాలంటే ఆ రెండో వాక్యం మా అవ్వ కోసమే.

ఆ లెటర్ ఈ కాయితం కిందే అతికించి ఉంది. సంతకానికి అరవై గీతలు గీశాను, చాలకపోతే వెనకపక్క కూడా పెట్టండి. పెన్ను దారంతో కట్టాను. దయచేసి ఎవరూ పట్టుకుపోకండి, ఇది మూడో పెన్ను.